అప్రస్తుతమే గానీ...

ఏమండోయ్, ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రండి. ఏమిటీ, పొయ్యి మీద పాలున్నాయా? మంట తగ్గించి రండి మరి. నా నిమిషాల సంగతి మీకు కొత్తా?

సంగతేమిటంటే, వచ్చే ఆదివారం మా వాళ్ళు అష్టావధానం పెట్టుకున్నారు. షామియానా, కుర్చీలు, మైకు సెట్టు అన్నీ మాట్లాడేశారు. సమస్య ఇచ్చేవారు దొరికారు, దత్తపది ఇచ్చేవారు దొరికారు, గంట కొట్టే ఆయన కూడా ఖాయమయ్యాడు. ఒక్క కుర్చీ ఖాళీగా మిగిలింది. దానికి నన్ను పట్టుకున్నారు. అప్రస్తుత ప్రసంగి!

గొప్పగా ఇంటికొచ్చి చెప్పాను. మా ఇంటావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలైనా ఎత్తలేదు. "ముప్పై ఏళ్ళుగా ఇంట్లో చేస్తున్నదేగా. ఇప్పుడు కొత్తగా పదవెందుకు?" అంది. చూశారా ఆ వేగం? చప్పట్లు కొట్టాల్సింది పోయి అలిగి కూర్చున్నాను.

అవధానం చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చూసినవాళ్ళు ఈలోగా ఓసారి పాలు చూసి రండి. మధ్యలో అవధాని, చుట్టూ ఎనిమిది మంది. ఒకాయన నిషిద్ధాక్షరి అంటాడు. అవధాని పద్యంలో ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి 'అది వద్దు' అంటాడు. రోడ్డు మీద నడుస్తుంటే ప్రతి అడుగు ముందూ గొయ్యి తవ్వడమన్నమాట. మన మున్సిపాలిటీకి నేర్పింది వీళ్ళేనేమో! ఇంకొకాయన మధ్య మధ్యలో గంట కొడతాడు. మొత్తం ఎన్ని కొట్టాడో చివర్న అవధాని చెప్పాలి. ఇంత తలనొప్పిలో ఉన్న మనిషిని మా అప్రస్తుత ప్రసంగి పలకరిస్తాడు. 'అవధాని గారూ, పొద్దున టిఫినేమిటి?' దానికీ జవాబు చెప్పాలి. జనం నవ్వాలి. పద్యం మాత్రం చెడకూడదు.

ఇప్పుడు మీరే చెప్పండి. లోకమంతా సభలో అడ్డొచ్చేవాణ్ణి రెక్క పట్టుకుని బయటికి పంపుతుంది. మనమో? వాడికి కుర్చీ వేసి, మైకిచ్చి, చివర్న శాలువా కప్పుతాం. ఇలాంటి ఉద్యోగం కనిపెట్టిన జాతిలో పుట్టినందుకు నాకు గర్వంగా ఉండదూ?

పైగా మాది కవాడిగూడ. ఇక్కడ పెరిగినవాళ్ళ చెవుల తయారీయే వేరు. చిక్కడపల్లి వైపు నడిస్తే త్యాగరాయ గానసభ. బాగ్‌లింగంపల్లి మలుపు తిరిగితే సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఇందిరా పార్కు పక్కకెళితే ధర్నా చౌక్. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మేష్టర్లకైతే మైకు దండగ, కిటికీ తీస్తే చాలు. కాస్త ప్రశాంతమంటే ట్యాంక్ బండ్ మీదే. వేమన, గురజాడ, శ్రీశ్రీ అంతా అక్కడే నిలబడి ఉన్నారు కానీ పాపం ఒక్కరూ నోరు మెదపరు.

గానసభ పేరుకే గానసభ. అక్కడ పాట ఎంత విన్నానో మాట అంతకి రెండింతలు విన్నాను. పుస్తకావిష్కరణ, సంస్మరణ, సన్మానం, ఏదైనా సరే, ఫ్యాను కింద, తలుపుకి దగ్గరగా ఓ కుర్చీ చూసుకుంటాను. నా పరిశోధనంతా ఆ కుర్చీలోంచే. 'రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను' అన్నాడంటే, ఇంటికి ఫోన్ చేసి అన్నం మూత పెట్టెయ్యమనొచ్చు. 'సమయాభావం వల్ల' అన్నాడంటే సమయం దండిగా ఉందని. 'చివరిగా' అన్నది సాధారణంగా మూడుసార్లు వస్తుంది. మొదటి చివరికీ మూడో చివరికీ మధ్య ఆర్టీసీ క్రాస్‌ రోడ్స్‌కి వెళ్ళి బిర్యానీ తిని రావచ్చు. నేను వచ్చాను కూడా.

అన్నిటికంటే నాకిష్టమైనది చీటీ ఘట్టం. నిర్వాహకుడు ఓర్చి ఓర్చి ఒక చీటీ రాసి పంపిస్తాడు. వక్త ఆగుతాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుంటాడు. 'నిర్వాహకులు ఇంకాసేపు మాట్లాడమని కోరుతున్నారు' అంటాడు. ఇలాంటి ప్రతిభని ఏ అకాడెమీ గుర్తించింది చెప్పండి?

పూర్వం ఏథెన్స్ కోర్టుల్లో కుండకి చిల్లి పెట్టి నీళ్ళు పోసేవారు. నీళ్ళు కారిపోయేసరికి వాదన అయిపోవాలి. ఆ పద్ధతి మన దగ్గర పెట్టి చూడండి. మనవాళ్ళు వాటర్ ట్యాంకరుతో వస్తారు.

నిజానికి పొడుగు ఉపన్యాసం మన ఒక్కళ్ళ జబ్బే కాదు లెండి. 1863 నవంబర్ 19న గెటిస్‌బర్గ్‌లో అసలు వక్త లింకన్ కాదు. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే మహా పండితుడు. ఆయన రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లింకన్ లేచి, లెక్క పెడితే మూడు వందల మాటలైనా లేని ఉపన్యాసం చేసి, రెండు నిమిషాల్లో కూర్చున్నాడు. ఫొటోగ్రాఫరు పెట్టె సర్దుకునేలోపల అయిపోయి ఉంటుంది. ఇందులో నాకు నచ్చినవాడు ఎవరెట్. ఎందుకంటారా? మర్నాడే లింకన్‌కి ఉత్తరం రాశాడు. మీరు రెండు నిమిషాల్లో అసలు విషయానికి వచ్చినంత దగ్గరగా నేను రెండు గంటల్లో రాగలిగినా చాలనుకుంటానన్నాడు. గానసభలో ఎన్నో సన్మానపత్రాలు విన్నాను గానీ, అలాంటి ఉత్తరం ఒక్కటీ వినలేదు.

ఇంతమందిని వెక్కిరిస్తున్నాను కదా, నా భాగోతం కూడా వినండి. ఎనిమిదో క్లాసులో ఆగస్టు పదిహేనుకి ఉపన్యాసం బట్టీ పట్టించారు. నాలుగు పేజీలు. మేడమీద నీళ్ళ ట్యాంకుకి వారం రోజులు వినిపించాను. ట్యాంకు ఎంతో శ్రద్ధగా వింది. ఆ రోజు మైకు ముందు నిలబడి, 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థులకు' అన్నాను. ఆ తర్వాతది ఎగిరిపోయింది. మళ్ళీ మొదట్నుంచి అన్నాను. మూడోసారీ అన్నాను. అంతమంది పెద్దలకి ఒకే పూట మూడేసి నమస్కారాలు దక్కడం ఆ బడి చరిత్రలో అదే మొదలట. చాక్లెట్ మాత్రం ఇచ్చారు.

చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాను. తర్వాత గాంధీ గారి ఆత్మకథ చదివాక సిగ్గు పోయింది. బొంబాయిలో చిన్న కేసు, 30 రూపాయల ఫీజు. లేచి నిలబడితే తల తిరిగింది, ఒక్క ప్రశ్న రాలేదు. కూర్చుండిపోయి, కేసు ఇంకో వకీలుకి ఇప్పించుకోమన్నాడు. డెమోస్తనీస్ సంగతైతే చెప్పనక్కర్లేదు. మాట తడబడుతుంటే నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని సాధన చేశాడని గ్రీకు కథ. మన దగ్గర రాళ్ళ బదులు పాన్ పెట్టుకుంటారు. ఫలితం ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

సరే, ఇప్పుడు అసలు ముచ్చటకొస్తాను. వివేకానందుడు మొట్టమొదట పెద్ద సభలో మాట్లాడింది ఎక్కడ? చికాగో అంటారు మీరు. నాకు తెలుసు అంటారని. అందుకే అడిగాను.

సికిందరాబాదండీ! రాణిగంజ్ దాటి కాస్త ముందుకెళితే మహబూబ్ కాలేజీ. 1893 ఫిబ్రవరి 13. వెయ్యి మంది పైచిలుకు జనం, అందులో దొరలూ ఉన్నారు. పడమటి దేశాలకి నేనెందుకు వెళుతున్నాను అన్నది విషయం. అప్పటికాయనకి ముప్పై ఏళ్ళు. చికాగో సభ సెప్టెంబర్ 11న, అంటే ఇంకా ఏడు నెలలుంది. సినిమా వాళ్ళ భాషలో చెప్పాలంటే వరల్డ్ ప్రీమియర్ చికాగోలో, ప్రివ్యూ షో మన దగ్గర. ఇంత పెద్ద సంగతి పెట్టుకుని మనం మాత్రం సికిందరాబాదనగానే స్టేషను, అల్ఫా టీ అంటాం.

ఇంకో రహస్యం చెప్పనా? అంత రిహార్సలయ్యాక కూడా చికాగోలో ఆయనకి గుండె దడదడలాడిందట, నాలుక పిడచకట్టుకుపోయిందట. నేను కల్పించింది కాదు, ఆయనే మద్రాసులో ఉన్న శిష్యుడికి ఉత్తరం రాశారు. పొద్దున పిలిస్తే తర్వాతన్నారు. అందరూ కాయితాలు తెచ్చుకున్నారు, ఈయన చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా వాయిదా వేసి వేసి, సరస్వతికి దణ్ణం పెట్టుకుని లేచారు. ఆ తర్వాతది మీకు తెలిసిందే. హాలు దద్దరిల్లింది. కాబట్టి మా పక్కింటి పిల్లాడు స్టేజీ ఎక్కనని మొండికేసినప్పుడల్లా చెబుతుంటాను. ఒరే, దడ పుట్టడం తప్పు కాదురా, అది పెద్దవాళ్ళకీ వచ్చే జబ్బేరా అని.

హైదరాబాద్‌లో ఆయనకి ఎదురైన మరో మనిషి గురించి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఎక్కణ్ణుంచో ఏవేవో తెప్పిస్తాడని విని చూడ్డానికెళితే, ఆ పెద్దమనిషికి ఆ రోజు జ్వరం. 'మీరు తల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తర్వాత నా విద్య చూపిస్తాను' అన్నాడు. పెట్టారు. తర్వాత వచ్చాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేకుండా చేసి మూల కూర్చోబెట్టారు. చలిగా ఉందని వివేకానందుడు తన దుప్పటే ఇచ్చారు. పాతిక జతల కళ్ళు అతని మీదే. ఏం కావాలో కాయితాల మీద రాయమన్నాడు. ఆ చుట్టుపక్కల పండని పళ్ళ పేర్లే ఏరి ఏరి రాశారు. దుప్పట్లోంచి ద్రాక్ష గుత్తులు, కమలాపళ్ళు రాశిపోశాడు. తినడానికి జంకితే తనే తిని చూపించాడు. ఆఖర్న గులాబీలు తీశాడు. ఒక్క రేకు నలగలేదు, మంచు బొట్లతో సహా.

ఎలా చేశావయ్యా అని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'అంతా చేతివాటమే' అన్నాడు! 1900లో లాస్ ఏంజెలెస్ ఉపన్యాసంలో వివేకానందుడే చెప్పిన కథ ఇది. తానేమో చేతివాటం అంటాడు, చూసినాయనేమో వట్టి చేతివాటమైతే ఇంత ఎలాగబ్బా అంటారు. మన రోజుల్లో ఇది ఉల్టా కదూ? చేసేవాడు మహిమ అంటాడు, చూసేవాళ్ళం చేతివాటం అని గొణుక్కుంటాం. గొణుక్కుని, హుండీలో వంద వేసి వస్తాం.

ఇదిగో, ఈ 'ఎలాగబ్బా' అన్న మాటుంది చూశారూ, నాకు ఉపన్యాసం కంటే అదే ముద్దు. దానికిప్పుడు ఏవేవో పెద్ద పేర్లు పెట్టి వర్క్‌షాపులంటున్నారు, ఫీజులు తీసుకుంటున్నారు. మా నాయనమ్మ ఫ్రీగా నేర్పేది. 'నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లారుతుంది?' అన్న ముసలమ్మ కథ ఒక్కటి చాలదూ? కోడి కూసిన మాట నిజం. తెల్లారిన మాటా నిజం. దానివల్ల ఇది కాలేదు, అంతే. కాకి వాలగానే తాటిపండు పడింది, కాకి బరువుకి కాదు. దానికో మాట కూడా పెట్టుకున్నాం, కాకతాళీయం. ఇంత వయ్యారమైన మాట ఇంగ్లీషులో ఉంటే చూపించండి, గానసభలో మీకు సన్మానం చేయిస్తాను.

అంతేనా? పూర్వం తర్కం చదువుకున్నవాళ్ళు గొడవని కూడా మూడు రకాలు చేశారు. నిజం తేలాలని మాట్లాడుకుంటే వాదం. నేనే గెలవాలని మాట్లాడితే జల్పం. నాకంటూ ఏ పక్షమూ లేదు, నువ్వు చెప్పింది మాత్రం తప్పు అంటే వితండం. మొదటి రెండూ పుస్తకాల్లో ఉండిపోయాయి. మూడోది మాత్రం మన నోళ్ళలో భద్రంగా బతికుంది. ఏ పేరు నిలబడిందో చూస్తే మన అలవాటేదో తెలియడం లేదూ? ఆ తర్కమంతా చిన్న పుస్తకంలోకి కుదించి పిల్లలకి 'తర్కసంగ్రహం' ఇచ్చిన అన్నంభట్టు మన తెలుగాయనే. కాశీకి పోయినవాడల్లా అన్నంభట్టు కాడని పండితులు అనుకునేవారట. అశోక్‌నగర్‌కి వచ్చిన వాళ్ళందరూ కలెక్టర్లు కారు అన్నట్టు.

అశోక్‌నగర్ అంటే గుర్తొచ్చింది. మా మేడమీద గదిలో ఓ కుర్రాడు అద్దెకుంటాడు. పగలంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, రాత్రి టీ కొట్టు. ఆ టీ కొట్టు దగ్గర జరిగే చర్చలు వింటే పార్లమెంటు వెలవెలబోతుంది. అర కప్పు టీ మీద అంతర్జాతీయ సంబంధాలన్నీ చక్కబెడతారు. గ్రూప్-1కి ఇంటర్వ్యూలు 2022లో తీసేశారు కానీ, సివిల్స్‌కి 275 మార్కుల ముచ్చట ఇంకా ఉంది. దానికోసం అద్దం ముందు కూర్చుని తనని తనే ప్రశ్నలడుగుతాడు. గోడ ఇవతల్నుంచి నాకు జవాబులు వినపడతాయి. ఓ రోజు ఆగలేక నేనే ఓ జవాబు అరిచాను. ఆ రోజు నుంచి కిటికీ మూసుకుంటున్నాడు. ఏం తరమండీ ఇది?

వాడి పుస్తకంలో ఒక రకం ప్రశ్న ఉంది. ఒక వాక్యం, కింద ఒక కారణం ఇస్తారు. సరైనది గుర్తించాలి. అందులో ఒక ఆప్షన్ చదివి మంచం మీంచి లేచి కూర్చున్నాను. 'రెండూ నిజమే, కానీ దీనికి అది సరైన వివరణ కాదు.' అబ్బ! మా నాయనమ్మ కోడి, కుంపటి పరీక్ష పేపర్లోకి వచ్చేశాయి! అప్పట్నుంచి టీవీలో ఏ నాయకుడు మాట్లాడుతున్నా ఆ ఆప్షన్ వాడుతున్నాను. మీరూ వాడి చూడండి. ఇంట్లో మాత్రం వద్దు. నేను వాడి చూశాను.

మా బాబాయి మీద కూడా ప్రయోగించాను లెండి. నెహ్రూ గారి అర్ధరాత్రి ఉపన్యాసం రేడియోలో స్వయంగా విన్నానని, ఒళ్ళు గగుర్పొడిచిందని చెబుతుంటాడు. చాలా బాగా చెబుతాడు. ఆయన పుట్టింది 1946లో. పోనీ, ఉయ్యాల్లోంచి విన్నాడే అనుకుందాం. ఆ రాత్రికి హైదరాబాద్ ఇండియాలోనే లేదాయె! ఇంకో పదమూడు నెలలకి, 1948 సెప్టెంబర్ 17న, నిజాం దక్కన్ రేడియోలో మాట్లాడాక కదా మనకా భాగ్యం. ఇదంతా చెబితే బాబాయి ఓ వారం మాట్లాడలేదు.

పాపం ఆయన్ననడమెందుకు, ఇంగ్లండంతటిదీ అదే తీరు. చర్చిల్ 1940 జూన్ 4 నాటి యుద్ధ ఉపన్యాసాన్ని ఆయన గొంతులోనే ఆ వేళ రేడియోలో విన్నామని ఎంతమంది ప్రమాణం చేశారో! ఆయన మాట్లాడింది పార్లమెంటులో. రేడియోలో ఆ సాయంత్రం చదివింది వార్తలు చదివే మనిషి. మనమిప్పుడు వినే ఆ గొంతు రికార్డయింది 1949లో. గొప్ప ఉపన్యాసానికి అదో గుణం. విననివాళ్ళకి కూడా విన్నట్టు జ్ఞాపకముంటుంది.

గొప్పలంటే మన గురజాడ నాటకంలో గిరీశం ముందు ఎవరైనా దిగదుడుపే. పూనా డక్కన్ కాలేజీలో భారతదేశపు పతనానికి పదకొండు కారణాల మీద మూడు గంటలు దంచితే ప్రొఫెసర్లు నోళ్ళు వెళ్ళబెట్టారట! పదీ కాదు, పన్నెండూ కాదు, సరిగ్గా పదకొండు. ఆ అంకెలో ఉంది చూడండి అబద్ధం అందమంతా. శిష్యుడు వెంకటేశం గానీ ఆ రోజు 'మూడోది ఏమిటి సార్?' అని అడిగుంటే నాటకం మొదటి అంకంలోనే ఆగిపోయేది. గురజాడ వారు వాడి చేత అడగనివ్వలేదు, మనం బతికిపోయాం.

పూనా అన్నాను కదూ, అక్కణ్ణుంచి వచ్చిన ఇంకో పెద్దాయన మనకి కావాలి. కాస్త దగ్గరకి జరగండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

1921 నవంబర్. కోఠి దగ్గర వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కార్వే, ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మహానుభావుడు. వక్తలు ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. అందరూ బుద్ధిగా విన్నారు. అప్పుడు ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టాడు. సభ గొల్లుమంది. వెక్కిరింతలు, చప్పట్లు, లొల్లి. మాట సాగనివ్వలేదు. ఆ రాజ్యంలో అన్నిటికంటే ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునే భాష ఏదండీ? తెలుగే!

ఆయన ఆ రోజు ఏం చెప్పదలచుకున్నాడో నన్నడగకండి. కథంతా ఆయన్ని చెప్పనివ్వకపోవడంలోనే ఉంది. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువాళ్ళు టేకుమాల రంగారావు గారింట్లో చేరారు. ఆంధ్ర జన సంఘం పుట్టింది. తర్వాత ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ. అక్కణ్ణుంచి తెలంగాణ చరిత్రంతా మీకు తెలిసిందే. సాంతం వినబడని ఒక్క ఉపన్యాసం ఎంత దూరం పోయిందో చూడండి. ఆ వేళ నోరు మూసుకుని విన్నట్టయితే, 'తెలుగులో కూడా ఒకాయన మాట్లాడాడు' అని మర్నాడు పేపర్లో ఒక్క ముక్క వచ్చి ఊరుకునేది.

ఆగండి, నాకిష్టమైన తోక ఇంకా ఉంది. ఆ సంఘంలో ముఖ్యుడు మాడపాటి హనుమంతరావు గారు. 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మీడియం బడి పెట్టారు. మన నారాయణగూడలో ఆయన పేరుతో ఉందే, అదే. ఇక్కడి సర్కారు తెలుగు మీడియాన్ని గుర్తించదు. మరి పిల్లల పరీక్షలెలా? పూనాలో కార్వే గారి విశ్వవిద్యాలయంతో జత కలిపారు! ఎవరి ఎదట తెలుగుని నవ్వులపాలు చేశారో, తెలుగు బడికి ఆయన యూనివర్సిటీ ముద్రే పడింది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, ఇంటర్‌వెల్‌లో గోల చేసే పిల్లల్ని విని ఓ నిమిషం ఆగుతాను. సెక్యూరిటీ మనిషి నన్ను అనుమానంగా చూస్తాడు. ఇంత కథ అతనికెలా చెప్పను?

అడ్డు తగలడంలో ఆ నోరు నొక్కే రకం ఒకటి. ఇంకో రకమూ ఉంది. 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ కాయితం చూసి చదువుతుంటే, వెనకనుంచి గాయని మహలియా జాక్సన్ కేకేసింది, ఆ కల సంగతి చెప్పు మార్టిన్ అని. ఆయన కాయితం పక్కన పెట్టాడు. లోకం గుర్తుపెట్టుకున్నది ఆ పక్కన పెట్టాక మాట్లాడిందే. నేననేదదే! అప్రస్తుత ప్రసంగి అంటే ఆవిడండీ.

మన ధర్నా చౌక్ సంగతీ తీసెయ్యకండి. అక్కడ ఏ ఉపన్యాసమూ వినేవాడి నోరు కట్టెయ్యదు. 'ఏం కావాలి?' అని వాళ్ళడిగితే ఇవతల్నుంచి జవాబు రావాల్సిందే. 2017లో దాన్ని ఎత్తేస్తామంటే ఏమైందో గుర్తుందా? ధర్నా చౌక్ కావాలని అక్కడే ధర్నా. వద్దనేవాళ్ళూ పక్కనే, అక్కడే ధర్నా! నేను మౌనవ్రతంలో ఉన్నానని మైకులో చెప్పినట్టు. 2018లో హైకోర్టుతో మళ్ళీ దారి తెరుచుకుంది. నేను మాత్రం అక్కడ ఉపన్యాసాలకంటే ముందే వెళతాను, మైకు కట్టే కుర్రాడి కోసం. 'హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు' అంటాడు. సాయంత్రం దాకా అక్కడ పలికిన వాటిలో ఎవరూ కాదనలేని మాటలవే.

ఇక నా ఆదివారం సంగతి. వారం నుంచి ప్రశ్నలు తయారు చేస్తున్నాను. మొదటిది మా ఇంటావిడ మీద వేసి చూశాను. "ఇందిరా పార్కులో లోపల ప్రేమికులు, బయట ధర్నావాళ్ళు. ఎవరి డిమాండ్లు ముందు తీరతాయి?" చిక్కుడుకాయలు అయిపోయి గోంగూర మీదుంది. "లోపలివాళ్ళవే. తీరాక పెళ్ళి చేసుకుని, బయటికొచ్చి ధర్నాకి కూర్చుంటారు" అంది.

రెండోది స్టీల్ బ్రిడ్జి మీద. "వంతెన కట్టాక వీఎస్‌టీ దాకా రెండు నిమిషాల్లో వెళుతున్నాం కదా, ఆ మిగిలిన సమయమంతా ఎక్కడ దాచుకుంటున్నాం?" అన్నాను. "దిగాక వచ్చే సిగ్నల్లో" అంది. ఆకు తుంచడం ఆపలేదు.

నిన్న నిర్వాహకులు ఫోన్ చేశారు. నేను స్నానంలో ఉంటే ఆవిడే ఎత్తింది. ఏం మాట్లాడారో ఏమో, అరగంట నవ్వులు వినపడ్డాయి. బయటికొచ్చేసరికి అంతా ఖరారైపోయింది. అప్రస్తుత ప్రసంగం ఆవిడదట. గంట కొట్టే ఆయన మేనకోడలి పెళ్ళికి బొబ్బిలి వెళుతున్నాడట. ఆ గంట నాకిచ్చారు. ఎన్ని కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో కూడా ఆవిడే చెబుతుందట.

మీరు తప్పకుండా రావాలి. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను, ఫ్యాను కింద. అవునూ... ఆ పొగ ఎక్కణ్ణుంచి వస్తోందండీ? నిప్పు లేనిదే పొగ రాదు కదా. మా పొయ్యి ఆర్పే ఉంది. అయ్యయ్యో, పరుగెత్తండి, మీ పాలే!